దవనమూ మా నాయన ముక్కూ

మా నాయనకు వాసన తెలియదు. ఈ మాట నేను ఇంతవరకు నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా.

కరోనా తగ్గాక అందరికీ తిరిగి వచ్చిన వాసన ఆయనకు మాత్రం రాలేదు. నాకెట్లా తెలిసిందంటే, ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయి, గ్యాస్ వీధిగుమ్మం దాకా గుప్పుమని కొడుతుంటే, నాయన ఆ స్టవ్ పక్కనే కూర్చుని, బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె వెతుకుతున్నాడు. నేను పరిగెత్తి సిలిండర్ కట్టేసి కిటికీలు తెరిచాను. ఆయన నా వైపు చూశాడు. "పాలు పొంగిపోయినాయి నాయనా" అన్నాను. అంతే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వేరే ఎవరి నాయనకైనా ఇది పెద్ద విషయం కాదు. మా నాయన దొరస్వామి ముక్కుతో బతికిన మనిషి. కాణిపాకం రోడ్డు పక్కన మా దవనం చేను. దేవుడి దండల్లోకి దవనం ఏ రోజు కొయ్యాలో ఆయన గట్టు మీద నిలబడి గాలి పీల్చి చెప్పేవాడు, అదే సరిపోయేది. దండల గిరాకీ వేరేవాళ్ళకు పోయి మేం నూనె తీయించడానికి మళ్ళాక కూడా ఊరంతా ఆ ముక్కునే నమ్ముతోంది. నేను నమ్మడం లేదు. ఆ సంగతి చెప్పనూ లేక, ఈ సాయంత్రం ఆనందమ్మ టీ అంగట్లో బెంచీ చివర కూర్చుని ఆయన చెప్పిందంతా విన్నాను.

"నేనేం గొప్ప చెప్పుకోవడం లేదబ్బా," అని గ్లాసు పట్టుకుని మొదలుపెట్టాడు. "పోయినేడు మా దవనం కోసి, బంగారుపాళ్యంలో పంకజాక్షి నూనె తీసే యూనిట్లో ఉడకేస్తే, ఒక చెంబుడు నూనె దిగింది. చెంబంటే పెద్ద చెంబేం కాదు. మామూలు చెంబే."

నిజానికి దిగింది నీళ్ళ మీద తేలే సన్నటి జిడ్డు. దూదితో అద్ది తీశాం.

"చెంబుడా!" అన్నాడు పరంధామయ్య. చిత్తూరు కోర్టులో గుమాస్తాగా రిటైరైన మనిషి, అక్కడ ఆశ్చర్యపోవడానికి వీల్లేక దాచుకున్నదంతా ఇక్కడ ఖర్చు పెడుతుంటాడు.

"చెంబు నిండితే ఆగిందనుకున్నావా? బిందె పెట్టినాం. అదీ నిండింది. పంకజాక్షి ఏడ్పు మొహం పెట్టి 'అన్నా, ఇంక నా దగ్గర గిన్నెల్లేవన్నా' అనింది. నేనేం జేసినా? రోడ్డు మీద టమాటా లారీ నిలబడుండాది, దాని టార్పాలిన్ దించి, గుంతలో పరిచి, దాంట్లోకి పట్టినాం. ఎందుకంత దిగిందో తెలుసునా? ముక్కప్పా, ముక్కు! అందురూ పంచాంగం సూసి కోస్తారు, నేను వాసన సూసి కోస్తా. మొగ్గ మీద ఉండంగానే, ముందురోజు సాయంత్రం మోటరేసి చేను తడపాల. ఆకు కడుపునిండా నీళ్ళు తాగాల. పొద్దు పొడవకముందే మంచు మీద కొయ్యాల. దేవుడి దండకి మా తాత కోసింది అట్లే. దేవుడికి పనికొచ్చింది నూనెకి పనికిరాదా?"

దండకు అది సరైనదే. తడిసిన దవనం తొందరగా వాడదు, మర్నాటికీ పచ్చగా ఉంటుంది. నూనెకు అంతా తలకిందులు. నీళ్ళు ఆపాలి. పసుపుపచ్చ పూలు విచ్చుకోవాలి. ఎండెక్కి మంచు ఆరాక కోసి, నీడలో కాస్త వడలనివ్వాలి. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నేను ఇదంతా ఫోన్లో చూసి నేర్చుకున్నాను. చూసినంత మాత్రాన నమ్మలేదు. పోయినేడు గట్టు మూల కొయ్యకుండా మిగిలిన మొక్కలు పూతకొచ్చాక కోసి, ఆరబెట్టి, అమ్మ ప్రెషర్ కుక్కర్‌కు ట్యూబు తగిలించి ఉడకేశాను. ఆ కాసిని మొక్కల నుంచి దిగిన నూనె, చేనంతా కలిసి ఇచ్చిన జిడ్డుకంటే చిక్కగా ఉంది. కుక్కర్‌కు ఆ వాసన ఇంకా వదల్లేదు. మా ఇంట్లో పప్పు ఇప్పటికీ దండ వేసుకున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు చేను మళ్ళీ మొగ్గ మీద ఉంది. రేపు తెల్లవారుజామున కోతకు నాయన మనుషుల్నీ యూనిట్‌నూ మాట్లాడేశాడు. ఈసారీ నూనె దిగకపోతే దవనం దున్నేసి టమాటా పెట్టాల్సిందేనని అమ్మ తేల్చేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా?" నాయన గొంతు పెంచాడు. "నూనెకి గాలి తగిలిందా, వాసన లేచింది. ముందర తేనెటీగలొచ్చినాయి. ఎనకాలే పలమనేరు అడివిలోనుంచి ఏనుగులొచ్చినాయి, దాని తోక ఇది పట్టుకుని, ధర్మదర్శనం క్యూ మాదిరి. దారిలో ఒక్క చెరుకుగడ ఇరిచింటే ఒట్టు! తొండాలెత్తి పీల్చుకుని, మా చేనుకి ఒక దండం పెట్టి, వచ్చినదారినే పొయినాయి."

"ఫారెస్టోళ్ళు రాలేదా అన్నా?" టీ వడగడుతూ అడిగింది ఆనందమ్మ.

"రాకేం? వాళ్ళూ పీల్చుకునే పొయినారు. అది సరే, శ్రీ సిటీకి పోయే కంపెనీ బస్సు డ్రైవరు వాసన పట్టుకుని స్టీరింగ్ ఇట్లా తిప్పేసినాడు, డ్యూటీకి పోవాల్సినోళ్ళంతా మా చేలో దిగినారు. సెంటు చేసే ఫ్యాక్టరీ ఓనరు నాకు ఫోన్ చేసి, 'దొరస్వామన్నా, నీ నూనెకి మూత పెట్టన్నా, మా సెంటు వాసన మాకే తెలీకుండా పోతాండాది' అని ఏడ్చినాడు."

"ఆయనకి నీ నంబరు యాడ దొరికింది?"

"వాసన పట్టుకునే దొరికింది! మధ్యలో అడ్డం రావద్దు పరంధామయ్యా. అంతటితో ఆగిందా? రేణిగుంటలో దిగాల్సిన విమానం మా చేను మీద ప్రదక్షిణం చేసింది. పైలెట్టు కిటికీ తెరిచి 'ఈడ దిగాల్నా అన్నా?' అని అడిగినాడు. 'చేను తొక్కుతావప్పా, ముందుకు పో' అని నేనే ఇట్లా చెయ్యి ఊపి పంపించినా."

చెయ్యి ఊపుతూ, ఆ విమానం కనిపిస్తున్నట్టే ఆకాశంలోకి చూశాడు. అప్పుడే పూలంగడి మునెయ్య బెంచీ మీదనుంచి వంగి, రోడ్డు వారన పెరిగిన వయ్యారిభామ ఆకు ఇంత తుంచి అరచేతిలో నలిపాడు. దాని ఆకు దవనంలాగే చీలికలుగా ఉంటుంది. కానీ అది పిచ్చిమొక్క, దగ్గరికి పోతే తుమ్ములు తప్ప ఇంకేమీ ఇవ్వదు.

"దొరస్వామీ, ఎవరో కొత్త రైతు దవనం తెచ్చిచ్చినాడప్పా," అన్నాడు గుప్పిట మూసి. "కోతకొచ్చిందో లేదో నీ ముక్కుతో ఒక మాట చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. నాయన ఆ గుప్పిటకు ముక్కు ఆనించి గుండెల నిండా పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! ఫస్టు క్వాలిటీ. రేప్పొద్దునే కొయ్యమను. బిందెలు కడుక్కోమను."

మునెయ్య గుప్పిట విప్పాడు.

"బిందె నిండా తుమ్ములే దిగేది!" అన్నాడు. అంగడంతా ఘొల్లుమంది. పరంధామయ్య ఆశ్చర్యపోవడం మరిచి తొడలు చరుచుకున్నాడు. ఆనందమ్మ నవ్వు ఆపుకోలేక టీ నేల మీద పోసింది.

వాళ్ళకు అది గొప్పలు చెప్పేవాడు దొరికిపోవడమే. నాయనా నవ్వాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా. "తెలిసే అన్నాలే మునెయ్యా, నిన్ను ఆడిద్దామని" అన్నాడు. కానీ ఆయన కళ్ళు బెంచీ చివర నా దగ్గరికి వచ్చాయి. స్టవ్ పక్కన చూసిన చూపే.

"పాపా, పోయి మోటరెయ్యి," అన్నాడు, అందరికీ వినబడేట్టు.

వచ్చాను. మోటారు గదిలో స్టార్టర్ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాను. చేలోనుంచి పచ్చి ఆకు వాసన మాత్రమే వస్తోంది. పోయినేడు కుక్కర్‌లోంచి వచ్చిన, పండినట్టుండే ఆ తియ్యటి వాసన ఇంకా లేదు. పూలు విచ్చుకుంటే గానీ రాదు.

స్టార్టర్ మీదనుంచి చెయ్యి తీసేశాను. పంకజాక్షక్కకు ఫోన్ చేస్తాను. రేపు కోత లేదని, పూత విచ్చేదాకా ఆగుతామని చెప్తాను. ఎవరన్నారని ఆమె అడుగుతుంది. దానికీ మాట సిద్ధం చేసుకున్నాను.

"మా నాయన గట్టు మీద నిలబడి గాలి పీల్చి చెప్పినాడక్కా, ఇంకా టైముండాదంట. అడివిలో ఏనుగులు కూడా ఇంకా బయల్దేరలేదంట."