అది లేచిందాకా

నాంచారమ్మని ఇల్లు అమ్మమని ఎవరూ అడగలా, ఆమే అమ్మకానికి పెట్టింది. ఎందుకంటే ఆమె చేనేమో వాగవతల, ఇల్లేమో వాగివతల. వానాకాలమొస్తే దాటలేక నానా తిప్పలూ. మొగుడు లేడు. ఉన్న ఒక్క కూతురు సీతాలు పురుటికని వొచ్చి ఇంట్లోనే ఉంది. అందుకని ఈ ఇల్లమ్మి, వాగవతల ఊళ్ళో పేరయ్యనే ఆయన ఇల్లు కొనుక్కుందామనుకుందంట. పేరయ్యేమో, కట్టుకునే కొత్తింటికి కప్పు పడంగానే ఖాళీ చేస్తానమ్మా, ఆషాఢంలోపే పోతా అన్నాడు. ఈ ఇల్లు కొనే పొరుగూరి బసివిరెడ్డేమో, ఆషాఢంలో గృహప్రవేశం పనికిరాదు, జేష్ఠంలోనే పాలు పొంగించాల అన్నాడు. ఇద్దరి మాటా కలిసింది గదా, ఇంకేం అనుకుంటారు మీరు. నేనైనా అంతే. ఆమె అనుకోలా. పేరయ్య మాట మంచిదే, ఆయన కప్పు సంగతి ఎవరికి తెలుసు అనుకుందంట. అదీ బుర్రంటే! ఏమే, తడిక పక్కనించి తప్పులు పట్టేదానా, అంతేగా?

ఏం చేసిందంటే, పెద్దమనుషుల ముందర బయానా పుచ్చుకునేటప్పుడు, ఒక్క మాట రెడ్డీ, నా ఇంట్లో ఓ తల్లుంది, అది లేచిందాకా నన్ను కదలమనగూడదు, అందంట. రెడ్డి మూలకి చూశాడు. గంపలో కోడి పొదుగుతా కూచోనుంది. ఓస్, కోడే గదా, అట్టాగే కానీయ్, అన్నాడు. పొదిగే కోడిని కదిపితే పాపమని మనోళ్ళకి తెలిసిందే గదా.

జేష్ఠం రానే వొచ్చింది. సీతాలు ఆడపిల్లని కన్నది. పేరయ్య కప్పు మాత్రం పడలా! అమ్మా, ఆషాఢంలో ఇల్లు మారగూడదు, శ్రావణమొస్తేనే పోతా, అని కబురంపాడంట. నెల తిరగని బాలింత, చంటిబిడ్డ, నెత్తిమీద వాన. ఇటు ఇల్లు పోయె, అటు ఇల్లు రాకపోయె. పసిగుడ్డునేసుకోని ఏ చూరు కింద పడుండాల చెప్పండి?

రెడ్డి పెళ్ళాం ఆదెమ్మని ఎంటేసుకోని సామాను బండితో దిగాడు. కోడి పిల్లలతో దొడ్డంతా తిరుగుతా ఉంది. ఏమ్మా, నీ కోడి లేచిందిగా, ఇంక నువ్వూ లే, అన్నాడు. నాంచారమ్మ బెదరలా. ముందు పాలు పొంగించుకో రెడ్డీ, నీ ముహూర్తం చెడగొట్టను, అని తనే పొయ్యి అలికి ముగ్గేసిచ్చిందంట. పాలు పొంగినయ్. అప్పుడు లోపలి గది తలుపు తీసింది. నులకమంచం మీద సీతాలు బిడ్డకి పాలిస్తా ఉంది. ఇదిగో నే చెప్పిన తల్లి, అది ఇంకా లేవలా, అంది. రెడ్డికి ఒళ్ళు మండింది. నువ్వు అది అంటే కోడి అనుకున్నా గదా! అని అరిచాడు. ఓరి నాయనో, కన్నకూతుర్ని అది అనక ఆమెగారు అంటానా రెడ్డీ? అందంట.

నవ్వండి నవ్వండి. ముహూర్తానికొచ్చిన పెద్దమనుషులూ అట్టాగే నవ్వారు. రెడ్డి మాత్రం సామాను దించమంటానే ఉన్నాడు. ఆదెమ్మ అడ్డమొచ్చి, ఏమయ్యా, మన పాలు పొంగిన ఇంట్లోంచి పాలిచ్చే తల్లిని వానలోకి తోలతావా? తిప్పు బండి, శ్రావణంలో వద్దాం, అంది. రెడ్డి బండి తిప్పించాడు.

శ్రావణంలో పేరయ్య ఇల్లొదిలాడు, వాగూ కాస్త తగ్గింది. సీతాలు బిడ్డనెత్తుకోని తనంతట తనే లేచి బండెక్కింది. నాంచారమ్మ ఇల్లంతా అలికి, తాళం ఆదెమ్మ చేతిలో పెట్టి, గంపతో సహా కోడినీ ఇచ్చేసి పోయిందంట. మహాతల్లి! మా పక్క ఇప్పటికీ ఇల్లు బేరమాడేటోడు గోడలు చూడడు, ముందు అది అంటే ఎవరమ్మా అని అడుగుతాడు. మా ఇంటికొచ్చి అడిగితే మాత్రం, ఇదిగో, ఈ తడిక పక్కన కూచోని నా కథకి తప్పులు పడతా ఉందే నా పెళ్ళాం, అదే. అది లేచేదీ లేదు, నేను అమ్మేదీ లేదు.