కాజా, గుండీ

"నా పీట లాగేసింది మాస్టారు కాదు, నువ్వు! నువ్వేనే, గుండీ!"

ముప్పై ఏళ్ళకి పైగా ఒకే దర్జీ మాస్టారి కొట్లో ఎదురెదురుగా కూర్చున్న ముసలమ్మలు వీళ్ళు. ఒకామె కాజాలు కుట్టేది, ఒకామె గుండీలు కుట్టేది. కొట్లో వాళ్ళని పిలిచేదీ ఆ పేర్లతోనే. పొద్దున పని పోగొట్టుకున్న కాజా, మధ్యాహ్నానికల్లా గుండీ ఇంటిమీదికి విసురుగా వచ్చిపడింది.

"మెల్లిగా మాట్లాడు. పక్క గదిలో కోడలుంది."

"విననీ! మాస్టారితో నా గురించి ఏమన్నావ్?"

"ఏమన్నాను? 'పాపం, దానికి చూపు ఆనట్లేదు' అన్నాను. అంతే."

"పాపం! నా పెళ్ళిలో 'పాపం, రంగు లేకపోయినా కుదిరింది' అన్నావ్. మా ఆయన పోతే 'పాపం, అంత తాగితే పోడా' అన్నావ్. నీ పాపం తగలెయ్య!"

"నువ్వేం తక్కువ తిన్నావా? మా అమ్మాయి సంబంధం చెడగొట్టిందెవరు?"

"వాడికి అదివరకే పెళ్ళాం ఉందని చెప్పాను. లేదా?"

"ఉంది. ఉంటే? అందరి ముందూ చెప్పాలా?"

"మాట మార్చకు. నా పని పోగొట్టిన ఆ చొక్కాలు కొట్టుకి ఎందుకు తిరిగొచ్చాయి?"

"గుండీలు పెట్టుకుంటే ఒక అంచు కిందికి దిగిందట."

"నా కాజాలు వరసలోనే ఉన్నాయి. నీ గుండీలే జారాయి."

"నా చెయ్యా? తప్పడమా?"

"నల్ల చొక్కాకి నీలం దారం వేశావే!"

"అదా... ఆ మూల వెలుతురు చాలదు."

"ఇక్కడుందిగా బోలెడు? ఇదిగో సూది, ఇదిగో దారం. ఎక్కించు."

"ఇప్పుడా? చేతులు తడిగా..."

"తుడుచుకో."

"ముందు కాసిని మంచినీళ్ళు తాగ..."

"ఎక్కించవే!"

"ఉండు... దీని బెజ్జం ఏదీ..."

"నువ్వు దారం పొడుస్తోంది మొన వైపు."

"సరే! నాకే ఆనదు! అయితే ఏంటట? పని పోతే పొద్దస్తమానం ఆ కోడలి మొహం చూస్తూ చావాలి. అందుకే నీ పేరు చెప్పాను."

"నాకు చూడ్డానికి ఆ మొహం కూడా లేదే! ఉన్నవి నాలుగు గోడలు."

"సరేలే, ముందు కూర్చో."

"మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావ్?"

"కోడలు పొద్దున్నే సూదులకి దారం ఎక్కించి డబ్బాలో పెడుతుంది."

"ఎన్ని?"

"నాలుగో, అయిదో."

"అయిదు సూదులతో సాయంత్రం దాకా కుడతావా?"

"అయిపోవు మరి. ఎప్పుడు తడిమినా దారమున్నది ఒకటి చేతికి తగుల్తూనే ఉంటుంది."

"నువ్వు తల తిప్పినప్పుడల్లా ఎక్కించి పెట్టింది నేనే, దొంగమొహమా! రెండేళ్ళుగా! లే, చెప్పులేసుకో. చూపు ఎవరికి లేదో మాస్టారికి నీ నోటితోనే చెప్పు. ఈసారి పాపం అనకుండా చెప్పు!"