ఒకే చుక్కగా కనిపించే జంట

సెమినార్ హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. బయట కాఫీ యంత్రం దగ్గర ప్రొఫెసర్‌ని శిష్యురాలు ఆపింది.

"సార్, ఒక్క నిమిషం. మన లెక్క తప్పు."

"ఇప్పుడా చెప్పేది? శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు మన మోడల్లో ఎన్నొచ్చాయో ఆకాశంలోనూ అన్నే ఉన్నాయిగా!"

"అదే సార్ నా కర్మ. దగ్గరదగ్గరగా తిరిగే జంట టెలిస్కోపుకి ఒకే చుక్కగా కనిపిస్తుంది. నేనేమో ప్రతి జంటనీ రెండు చుక్కలుగా లెక్కేశాను. నిన్న సరిచేసి చూస్తే అస్సలు కుదరట్లేదు."

ఆయన యంత్రం కింద నుంచి కాఫీ కప్పు తీసుకున్నారు.

"తిట్టండి సార్. తల కొట్టేసినట్టుంది నాకు."

"జంట ఒకే చుక్కయితే ఎలా కనిపిస్తుందమ్మా?"

"అదే రంగున్న ఒంటరి చుక్కకంటే ఎక్కువ మెరుస్తుంది."

"నీ మోడల్ గ్రాఫులో అలా ఎక్కువ మెరిసే చుక్క ఒక్కటైనా ఉందా?"

"లేదు సార్... అంటే, మీరు చూశారా?"

"మొదటిరోజే చూశాను. లెక్క కుదిరింది కదా అని నోరు మెదపలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్పడమా? నీ కంట పడకూడదని రోజూ కోరుకున్నానమ్మా."