జీవమ్మ నూనె సీసా

మైదుకూరు దగ్గరి పల్లెలో ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి వెనకింట్లో పాస్టరు అన్నం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు. ఎదురుగా ఆయన భార్య.

“నేను ప్రార్థన చేసిన నూనె పూసుకుంటే మోకాలి నొప్పి పోయిందని జీవమ్మ సాక్ష్యం చెప్తాంటే, నువ్వెందుకు తల వంచుకొని నవ్వుతాంటివి?”

“ఆ నూనె నువ్వు ప్రార్థన చేసింది కాదు గాబట్టి.”

“మరి ఆయమ్మ ఇచ్చిపోయిన నూనె, నేను ప్రార్థన చేసింది, యాడికి పోయింది?”

“బుధవారం చెప్పాపెట్టకుండా నలుగుర్ని భోజనానికి పిల్చుకొని వస్తివే, ఆ పొద్దు వంకాయ కూరలో పోసినా. ఇంట్లో చుక్క నూనె లేదని అప్పటికి రెండు దినాలుగా మొత్తుకుంటాంటి, నీ చెవికెక్కితే గదా. మర్నాడు అంగట్లో కొత్తది తెచ్చి ఆయమ్మ సీసాలో పోసి ఇచ్చినా.”

“నీకు బుద్ధుండాదా? ప్రార్థన లేని నూనె ఇచ్చి పంపిస్తావా? రేపు ఈ సంగతి బయటపడితే సంఘం ముందర నా మొగం యాడ పెట్టుకునేది?”

“ప్రార్థన లేదని ఎవరు చెప్పినారు నీకు?”

“ఎవరు చేసినారు? గురువారం నేను కర్నూలు ప్రార్థన కూటాల్లో ఉంటి గదా.”

“నేను చేసినా. పొయ్యికాడ నిలబడి, సీసా మీద చెయ్యి పెట్టి.”



“ఏమని చేసినావు?”

“ప్రభువా, ఆయమ్మ మోకాలు బాగుచెయ్యి, పేరు మా ఆయనకు వచ్చినా పర్వాలేదని. ఇంక తిను, చల్లారిపోతాండాది.”