జాబులో పేరు

అత్త అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తూ, కోడలి ఫోనులో గడియారం చూస్తోంది. కెనడాలో నర్సు ఉద్యోగానికి కోడలు ఫ్రెంచి పరీక్ష రాయాలి; రోజూ ఇంట్లోనే టైము పెట్టుకుని రాసి నేర్చుకుంటోంది.

“టైమైపాయ. పెన్ను పెట్టేయ్. ఈపొద్దు ఏం రాయమన్నారు?”

“దూరంగా ఉండే స్నేహితునికి జాబు రాయల్లత్తా. ఊరి సంగతులు చెప్పల్ల.”

“ఏం చెప్పినావు?”

“వాన రాలేదని, మన ఎర్రావు ఈనిందని.”

“గట్టిగా చదువు. తెలీకున్నా వింటా.”

కోడలు చదవడం మొదలుపెట్టింది. అత్త చేతిలో కాయ అట్లే ఆగిపోయింది.

“ఆగుమే. ఇప్పుడు తిప్పేస్వామి అంటివా?”

“తప్పయిపాయత్తా. జాబంటే మొదట పేరు రాయల్ల కదా. చేతికి అదే వచ్చింది. మార్చేస్తా.”

“వాడున్నన్నాళ్లూ ‘మీ కొడుకు’ అనే గానీ, మొగుని పేరు నీ నోట వచ్చిందే లేదు.”

“ఆ దేశంలో పెండ్లాలు మొగుణ్ని పేరు పెట్టే పిలుస్తారంట. ఆ భాషలో అంటే తప్పు లేదనుకుంటి.”

మోటారు దగ్గర కరెంటు తగిలి కొడుకు పోయి రెండేళ్లు. కోడలు కుమిలిపోతుందని అత్త, అత్త ఏడుస్తుందని కోడలు, ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు.

“మార్చొద్దు. కడాకు ఏం రాసినావు వానికి?”

“ఒళ్లు జాగ్రత్త, బిరీన జవాబు రాయి అని. అట్లే ముగించల్లంట.”

అత్త ఫోను బోర్లించి పక్కన పెట్టింది.

“మల్లా మొదట్నుంచి చదువు. ఈసారి టైము చూడన్లే.”