ఐదు నిమిషాలు వదిలిన నీళ్ళు

విచారణాధికారి గారి గదిలో, ఉదయం 10.20కి మొదలుపెట్టి చెప్పినది. నేను చెబుతుంటే పక్క బల్ల దగ్గర గుమాస్తా గారు రాసుకున్నారు.

నా పేరు మీ కాగితం పైన రాసే ఉంది. పనిచోట ఆ పేరుతో నన్నెవరూ పిలవరు, అందరూ సీసాలక్క అంటారు. వయసు నలభై నాలుగు. ఊరి నీటి సరఫరా శాఖలో పంతొమ్మిదేళ్ళుగా నమూనాలు తెచ్చే పని చేస్తున్నాను. అంటే పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి కుళాయి నీళ్ళు సీసాలో పట్టి, దాని మీద ఇంటి నంబరూ టైమూ రాసి, ల్యాబులో అప్పజెప్పడం. నెలకి అరవై సీసాలు. ప్రతి సీసాకి ఒక ఫారం, ఫారం కింద నా సంతకం.

చేరిన మొదటి రోజే నాకు ఒక సంగతి నేర్పారు. పొద్దున కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళే పట్టాలి. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళు అవి. గొట్టంలో ఏదైనా చెడు ఉంటే ఆ నీళ్ళలోనే దిగుతుంది. పద్దెనిమిదేళ్ళు అలాగే పట్టాను.

కిందటి ఏడాది ఏప్రిల్‌లో పాత జలాశయం నీళ్ళు ఆపేసి నది నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. జూన్ 9న పదిన్నరకి మా శాఖ ఇంజనీరు గారు నన్ను తన గదికి పిలిచారు. ఫైలు చూస్తూనే చెప్పారు.

"ఇకనుంచి కుళాయి ఐదు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత పట్టమ్మా."

"అప్పుడు రాత్రి నిలవున్న నీళ్ళు పోతాయి కదా సార్?"

"పోనీ. అవెవరు తాగుతారు? అందరూ కాసేపు వదిలే కదా తాగేది."

నాకు సబబే అనిపించింది. అలాగే రాసుకోండి. అనిపించింది, లేదా అనిపించనిచ్చాను. ఇప్పుడు రెండింటికీ తేడా చెప్పలేను.

ఆ రోజునుంచి వాచీ చూసుకుని ఐదు నిమిషాలు వదిలేదాన్ని. ఇళ్ళల్లో ఆడవాళ్ళు తిట్టేవారు. "నీళ్ళు పారబోయొద్దని బోర్డులు పెట్టేదీ మీరే, వచ్చి పారబోసేదీ మీరేనా?" అని. నవ్వేసి వచ్చేదాన్ని.

మా చెల్లెలి ఇల్లు పాత వీధిలో ఉంది, నా జాబితాలో 31వ నంబరు. ఆ వీధిలో రోడ్డు కింద పెద్ద గొట్టం నుంచి ఇంటికి వచ్చే చిన్న గొట్టాలన్నీ సీసంవి, మా తాతల నాడు వేసినవి. అది మా శాఖలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

చెల్లెలికి ఒక్కతే కూతురు. దాన్ని ఇంట్లో వాగుడుకాయ అనేవాళ్ళం. రెండేళ్ళు నిండకముందే ఒకటే మాటలు. నేను సీసాలు పట్టుకుని వెళితే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి "నీల్ల పెద్దమ్మ, నీల్ల పెద్దమ్మ" అని గంతులేసేది. అక్టోబరులో ఆకలి లేదని, కడుపునొప్పి అని ఏడుపు మొదలుపెట్టింది. మొహం పాలిపోయింది. నవంబరులో ఒక్కో మాటా మానేస్తూ వచ్చింది. మొదట "చందమామ" పోయింది. తర్వాత "అన్నం". డిసెంబరులో నేను వెళితే గోడకి ఆనుకుని కూర్చుని నా వైపు చూసింది, అంతే. పిలవలేదు.

జనవరి 17న పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చెల్లెలు, మరిది, నేను. రక్తం పరీక్షలో సీసం 47 ఉందన్నారు. పసిపిల్లల ఒంట్లో అది అసలు ఉండకూడదట, ఐదుంటేనే ఎక్కడిదో వెతకాలట. డాక్టరు గారు ఒక్కొక్కటే అడిగారు. గోడల రంగులు, బొమ్మలు, వంటపాత్రలు. చివరికి మరిదిని "మీరేం పని చేస్తారు?" అని అడిగారు.

ఆయన బ్యాటరీలు బాగుచేసే షాపులో పదకొండేళ్ళుగా మెకానిక్కు.

గదిలో అందరం ఆయన్నే చూశాం. బట్టలకి, చేతులకి అంటుకుని ఇంటికి రావచ్చని డాక్టరు గారు అన్నారు. తర్వాత "నీళ్ళెలా ఉంటాయి మీ వీధిలో?" అని అడిగారు. దానికి జవాబు చెప్పింది నేను.

"నీళ్ళు కాదు డాక్టరు గారూ. వాళ్ళింటి నీళ్ళు నెలనెలా నేనే పడతాను. సీసం ఎప్పుడూ మూడు, నాలుగు కంటే ఎక్కువ రాలేదు."

డాక్టరు గారు ఎదురు ప్రశ్న వేయలేదు. శాఖలో పనిచేసే మనిషిని కదా. బయటికొచ్చాక చెల్లెలితో "ఎందుకైనా మంచిది, నీళ్ళు బాగా మరగబెట్టి బిడ్డకి పట్టు" అన్నాను. అది రోజూ పొద్దున లేవగానే కుళాయి తిప్పి, ఒక గిన్నెడు నీళ్ళు పట్టి, సగానికి మరిగేదాకా కాచి, చల్లార్చి, ఆ నీళ్ళతోనే పాలపొడి కలిపి పట్టింది. నీళ్ళు ఆవిరైనా సీసం ఆవిరి కాదట. గిన్నెలోనే ఉండిపోతుందట. ఇది నాకు తర్వాత తెలిసింది.

మరిది మూడో రోజునే పని మానేశాడు. తన బట్టలన్నీ మూటకట్టి కాల్చేశాడు. పెరట్లో స్నానం చేసి, వరండాలోనే పడుకునేవాడు. బిడ్డని ముట్టుకోలేదు. అది చేతులు చాపితే తన చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. నేను కళ్ళారా చూశాను. నాలుగు వారాలు.

ఫిబ్రవరి 14న మళ్ళీ రక్తం పరీక్ష చేశారు. 58. తగ్గలేదు. పెరిగింది.

డాక్టరు గారు ఆ కాగితం పక్కన జనవరి కాగితం పెట్టి చూశారు. "ఇంట్లో ఇంకేం మారలేదు కదా?" అన్నారు. ఏమీ మారలేదు. తండ్రి దూరమయ్యాడు, నీళ్ళు మరిగాయి. అంతే మారింది. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నాకు ఆ ఐదు నిమిషాలు గుర్తొచ్చాయి. మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి 16న 31వ నంబరు ఇంటికి వెళ్ళాను. నేను వచ్చేదాకా కుళాయి ముట్టుకోవద్దని చెల్లెలికి ముందురోజే చెప్పాను. ఉదయం 6.10కి మొదటి నీళ్ళు ఒక సీసాలో పట్టాను. ఐదు నిమిషాలు వదిలి ఇంకో సీసాలో పట్టాను. 7.40కి రెండూ ల్యాబులో ఇచ్చాను. అక్కడ పరీక్షలు చేసే పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను, త్వరలో రిటైరవుతారు. మామూలుగా లోపలినుంచే అంకెలు కేకేసి చెబుతారు. ఆ రోజు 11.20కి సీసా చేత్తో పట్టుకుని బయటికొచ్చారు.

"ఇదెక్కడ పట్టావే? ఫ్యాక్టరీ కాలవలో ముంచి తెచ్చి నాతో ఆటలాడుతున్నావా?"

"ఎంత బాబాయ్?"

"ఆరువందల పద్దెనిమిది."

నీళ్ళలో సీసం పది దాటకూడదు. మిషను తప్పేమోనని కడిగి, సరిచూసి మళ్ళీ పెట్టారు. 611. మూడోసారి 620. రెండో సీసాలో 4. "సీసాలక్కా అని పిలిస్తే నిజంగానే సీసం మోసుకొచ్చావు" అన్నారు. అని, తన మాటకి తనే బెదిరినట్టు స్టూలు మీద కూలబడ్డారు. నేను రెండు సీసాలూ కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. రెండూ తేటగా ఉన్నాయి. దించి, మళ్ళీ ఎత్తి చూశాను. రెండూ తేటగానే ఉన్నాయి. మళ్ళీ చూశాను. బాబాయ్ నా చేతుల్లోంచి తీసుకునేదాకా చూస్తూనే ఉన్నానట.

12.15కి ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళాను. కాగితం చూసి "ఒక్క ఇల్లేగా. ఇంటిలోపలి గొట్టాలేవో పాడై ఉంటాయి. అయినా మీ మరిది బ్యాటరీల షాపు కదా?" అన్నారు. మరిది సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. డాక్టరు గారు జనవరి 19నే పిల్ల సంగతీ మరిది పని సంగతీ మా శాఖకి ఉత్తరం రాశారని, అది ఇంజనీరు గారి బల్ల మీదే ఉందని, ఇవాళ మీరు చూపిస్తే తెలిసింది. "ఆ ఇల్లు జాబితాలోంచి తీసెయ్. కొత్త కాలనీలో ఇంకోటి పెట్టుకో" అన్నారు. అప్పటికే కొన్ని నెలలుగా పాత వీధి ఇళ్ళు ఒక్కొక్కటే జాబితాలోంచి పోతున్నాయి. వాటి బదులు సీసం గొట్టాలు లేని కొత్త కాలనీ ఇళ్ళు నేనే రాసుకుంటూ వచ్చాను.

అక్కడినుంచి నేరుగా చెల్లెలింటికి వెళ్ళాను. ఒంటిగంట అయింది. నీళ్ళల్లోనే ఉందని చెప్పాను. చెల్లెలు పొయ్యి మీది గిన్నె వైపు చూసింది. మరిది వరండాలోంచి లేచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"అయితే నేను ఎత్తుకోవచ్చా వదినా?"

అదొక్కటే అడిగాడు. నేను తలూపాను.

ఆ సాయంత్రం చెల్లెలు ఇంటింటికీ తిరిగి, పొద్దున కుళాయిలు తిప్పొద్దని బతిమాలింది. 17, 18 తేదీల్లో పాత వీధిలో ఇరవై రెండిళ్ళ మొదటి నీళ్ళు పట్టాను. సీసాల పెట్టె మరిది మోశాడు. పంతొమ్మిదిళ్ళలో పది దాటింది. పైవాళ్ళు అడిగితే తను చూసుకుంటానని బాబాయే అన్నీ పరీక్ష చేశారు. నీళ్ళు మారినప్పుడు గొట్టాల లోపల పొరకట్టే ఒక మందు కలపాలని, అది కలపలేదని, పాత పొర ఊడి సీసం కరుగుతోందని ఆయనే నాకు విడమర్చి చెప్పారు.

ఫిబ్రవరి 20న ఉదయం 8.05కి, ఆ వీధి చివరి బడిలో పిల్లలు తాగే కుళాయి దగ్గర పట్టాను. రెండు రోజుల సెలవు తర్వాత తెరిచిన బడి. 10.50కి అంకె వచ్చింది: 247. బడిలో విరామం 11.15కి. నేను పరిగెత్తాను. వెళ్ళేసరికి గంట కొట్టేశారు, పిల్లలు గ్లాసులతో వరసకట్టారు. కుళాయికి అడ్డంగా నిలబడ్డాను. ఒక పాప నా చెయ్యి కిందనుంచి గ్లాసు పెట్టింది. లాక్కుని పారబోశాను. అది బావురుమంది. పెద్ద టీచరు గారు వచ్చారు.

"ఏంటమ్మా ఇది? ఇంత ఎండలో పిల్లల్ని నీళ్ళు తాగొద్దంటావా?"

"ఈ నీళ్ళు మంచివి కావండీ."

"మంచివి కాకపోవడమేంటి? మీవాళ్ళే కదా బాగున్నాయని రాసిచ్చారు!"

ఆవిడ గోడ వైపు వేలు చూపించారు. కుళాయి పైన అద్దం బిగించి ఒక కాగితం తగిలించారు. ఆ బడీ నా జాబితాలోదే, ఆ కుళాయికి జనవరి నెల ఫారం అది. కింద ఉన్నది నా సంతకం. నేను తెచ్చిన కొత్త కాగితం ఆవిడ చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు. వెళ్ళి, పెద్ద వాల్వు తనే తిప్పి కట్టేశారు. చీరకి తుప్పు అంటినా చూసుకోలేదు. తర్వాత డాక్టరు గారికి ఫోన్ చేశారు. నాలుగింటికల్లా ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు ఇంజనీరు గారినీ నన్నూ సస్పెండ్ చేశారు.

బడిలో 340 మంది పిల్లలకి రక్తం పరీక్షలు చేశారు. 96 మందికి ఎక్కువుంది. ఇప్పుడు ట్యాంకర్లతో నీళ్ళిస్తున్నారు, గొట్టాలు తవ్వుతున్నారు. మా చెల్లెలి కూతురికి మూడు విడతలు మందులిచ్చాక 19కి దిగింది. రెండు మాటలంటోంది, "ఇవ్వు", "వద్దు". ఎన్ని మాటలు తిరిగొస్తాయో చెప్పలేమన్నారు. మరిది దాన్ని చంకలోంచి దించడు. చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. మొన్న బెండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "నువ్వు బాగున్నాయన్నావని పట్టానే అక్కా" అంది. కోపంగా అనలేదు. బెండకాయలు తరుగుతూనే అంది.

ఇంజనీరు గారు చెప్పారన్నది నిజం. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదన్నదీ నిజం. నన్ను సాక్షుల్లో రాసుకుంటారో ముద్దాయిల్లో రాసుకుంటారో మీ ఇష్టం.

ఇదంతా ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివిలో ఉండి, జరిగింది జరిగినట్టే చెప్పాను. గుమాస్తా గారు మొదటినుంచీ చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించాను. జూన్ 9 తర్వాతి సంగతి దగ్గర ఆయన "ప్రతి ఇంటా ఐదు నిమిషాలు కుళాయి తెరవబడినది" అని రాశారు. ఆ మాట కొట్టేయించి, "నేను తెరిచాను" అని రాయించాను. కొట్టేసిన చోట పక్కన ఒక సంతకం, ఇక్కడ చివర ఒక సంతకం పెట్టాను.

(సంతకం)
మధ్యాహ్నం 1.05