ఎడమచేయి పని

ఇండోనేషియాలోని సోలో నగరంలో ఆసుపత్రి. పక్షవాతంతో ఎడమచేయి పడిపోయిన వగియెమ్ పళ్లెం ముట్టలేదు. ఫిజియోథెరపిస్ట్ హర్జో ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఇవాళా తినలేదా అమ్మా?"

"మంచిచేతికి గుడ్డ చుట్టేస్తివి. ఎడంచేత్తో తింటే మా అమ్మ వాత పెట్టేది."

"మంచిచేతిని కట్టేస్తేనే పడిన చేయి లేస్తుందని పరిశోధనల్లో తేలింది."

"తేల్చినోళ్లు ఏ చేత్తో కడుక్కుంటారో అడిగావా?"

హర్జోకి నవ్వే ఓపిక లేదు. కట్టు విప్పి పళ్లెం ముందుకు జరిపాడు.

"ముందు తినండి. ఇంట్లో ఆ ఎడంచేయి ఏం చేసేది?"

"బాతిక్ గుడ్డని కిందనుంచి పట్టేది. కుడిచేయి మైనంతో పువ్వులు గీసేది."

"అయితే రేపు గుడ్డా మైనం తెప్పిస్తా."

"కుడిచేయి కట్టేస్తే ఎవరు గీస్తారు నాయనా?"

"నేను."

"గుడ్డ పాడవుతుంది."

"పాడవనీయండి. మీరు వదలకుండా పట్టుకోండి, చాలు."